ధర చెప్పని మందు

3 సెప్టెంబరు 1934, సోమవారం. కైకలూరు.

ఈ నోటుబుక్కు ఉపన్యాసం కోసం కొన్నాను. వచ్చే నెల ఇరవయ్యో తేదీన ఏలూరు పఠన మందిరంలో నేను మాట్లాడాలని కోదండరామయ్య ఉత్తరం రాశాడు. ప్లీడరు కదా, స్నేహితుడికి రాసే ఉత్తరం కూడా కోర్టు నోటీసులాగే ఉంటుంది. "వైద్యమూ వర్తకమూ అను విషయమై తాము అరగంట సేపు ప్రసంగింపవలయును." తాముట! చిన్నప్పుడు నా పలక మీద ఉమ్మి తుడిచినవాడు.

మొదటి పాయింటు. మందు కూడా సరుకే. ఉప్పు, కిరసనాయిలు ఎలాగో చలిజ్వరానికి వేసే క్వయినా మాత్రలూ అలాగే. గిరాకీ ఉంటే ధర పెరుగుతుంది. ధర పెరిగితే సరుకు వస్తుంది. సరుకొస్తే ధర దిగుతుంది. మధ్యలో సర్కారువాళ్ళు వేలు పెట్టకుండా ఊరుకుంటే అన్నీ సర్దుకుంటాయి.

రెండో పాయింటు మొదలెట్టబోతే దొడ్డి గుమ్మం దగ్గర మాణిక్యానికీ పెద్దింటమ్మకీ బేరం మొదలైంది. ఇంక రాసేదేముంది? మా ఆవిడ చేప మొప్పలెత్తి చూసి, "ఇది నిన్నటిదే పెద్దింటమ్మా" అంటుంది. కొల్లేటి లంక నుంచి దోనె మీద తెల్లారకుండా వచ్చిన పెద్దింటమ్మ గంప దించి, "అమ్మగారూ, ఇది నన్ను చూసి కన్ను కొడతా ఉంటే నిన్నటిదంటారేటండీ" అంటుంది. పదేళ్ళుగా ఇదే భాగవతం. ఇద్దరికీ చేప కంటే బేరమే రుచి.

ఈరోజు నేను కూడా వెళ్ళి, "మధ్యాహ్నం దాకా ఆగితే నువ్వే సగానికిస్తావు కదా" అన్నాను. ఆవిడ నన్ను జాలిగా చూసింది. "మజ్జాన్నం ధర మజ్జాన్నం చేపదండీ బాబుగారూ. ధర దిగిందంటే చేప మెత్తబడిందనే. మా లంకలో పసిపిల్లనడిగినా చెబుద్ది."

ఆహా! అక్షరమ్ముక్క రాని మనిషి నా ఉపన్యాసమంతా ఒక్క ముక్కలో చెప్పేసింది. సరుకు సంగతి కొనేవాడికి ధరే చెబుతుంది. ఇది రెండో పాయింటు.

12 సెప్టెంబరు.

వాన. కొల్లేరు పొంగి దోనెలు మన వీధి చివరికి వచ్చేశాయి. నా మందుల కొట్లో క్వయినా డబ్బాలకి చెమ్మ తగులుతోంది. పడగ్గదిలో ట్రంకు పెట్టె తెరిస్తే అందులో పెట్టుకుందామన్నాను. "అందులో చోటు లేదండీ" అంది మాణిక్యం. సరే, అటక మీద పెట్టాను.

24 సెప్టెంబరు.

చలిజ్వరాలు మొదలయ్యాయి. కొట్టు ముందు మనిషి మీద మనిషి. పావలా పొట్లం అర్ధరూపాయి చేశాను. దురాశేమీ కాదు, గిరాకీ.

పోస్టుమాస్టరు బాలస్వామి గారు వచ్చి కూచుని వాపోయారు. సర్కారువారు పోస్టాఫీసుల్లో చవగ్గా అమ్మించే క్వయినా ఆయన దగ్గర దండిగా ఉంది, కొనే నాథుడు లేడు. "అదే మందండీ పాండురంగారావు గారూ, అదే మాత్ర. మీ దగ్గరే ఎందుకు కొంటున్నారంటారు?"

నమ్మకమండీ, అన్నాను. నా కొట్టు మీద జనానికి నమ్మకం. ఇది మూడో పాయింటు. రాస్తుంటే చెయ్యి దానంతటదే పరిగెత్తింది.

2 అక్టోబరు.

మాణిక్యం రెండు రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది, విసనకర్ర అందిస్తుంది, అంతే. ఏమిటే అంటే, "ఒక పొట్లం కొని నలుగురు పంచుకుంటున్నారటండీ లంకలో. తలా ఒక మాత్ర, సగం మాత్ర. ఒక పూట తగ్గి మళ్ళీ ముసుగెడుతున్నారట. పెద్దింటమ్మ చెప్పింది" అంది.

ఎంత వాడాలో కొనేవాడి ఇష్టం అన్నాను. మాట మంచిదే, ఉపన్యాసంలో వాడుకోవచ్చు. కానీ ఆవిడ మొహం చూస్తూ అన్నాక అంత మంచిగా అనిపించలేదు. మజ్జిగ పోయకుండానే లేచి వెళ్ళిపోయింది.

5 అక్టోబరు.

పొట్లం రెండణాలకి దించాను. మాణిక్యం అలిగిందని కాదు. బెజవాడ నుంచి కొత్త సరుకొచ్చింది.

6 అక్టోబరు.

ఒక్కటీ అమ్మలేదు.

7 అక్టోబరు.

ఒక్కటంటే ఒక్కటీ. గడప దాకా వచ్చి ధర అడిగి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని దిగిపోతున్నారు. బాలస్వామి గారు వచ్చి నా పక్కన బల్ల మీద కూచున్నారు. ఇద్దరం వీధిలోకి చూస్తూ కూచున్నాం. పాపం మంచి మనిషి, నమ్మకం మాట ఎత్తలేదు.

8 అక్టోబరు, సోమవారం.

పెద్దింటమ్మ గంప లేకుండా వచ్చింది. కూతురు కనకరత్నానికి రోజు విడిచి రోజు చలిజ్వరం. అయిదో నెల కడుపు. మొదటి కాన్పు.

పొట్లాలు తీసి బల్ల మీద పెట్టాను.

"ఎంతండీ?"

"రెండణాలు."

చెయ్యి చాపినదల్లా వెనక్కి తీసుకుంది. "మొన్న అర్ధరూపాయండీ బాబుగారూ."

"మొన్న మొన్నే. ఇప్పుడు దించాను."

"దించారా, దిగిందా అండీ?"

"ఏమిటే నీ గొడవ! అదే మందు. ఇదిగో నేను మింగి చూపించనా?"

"మీరు మింగుతారండీ, మీకేం, జ్వరమా పాడా. దానికి రెండు ప్రాణాలండీ. పదేళ్ళు నా చేపలు తిన్నారు, ఒక్కనాడైనా మెత్తబడింది మీ ఇంట్లో ఏశానా? నా పిల్లకి మజ్జాన్నం సరుకు అంటగడతారేటండీ?"

కోపంగా కాదు, నవ్వుతున్నట్టే అంది. కళ్ళు మాత్రం నవ్వలేదు. నేను గట్టిగా అరిచాను. అరవగానే ఆవిడకి అనుమానం రూఢి అయిపోయింది.

9 అక్టోబరు.

వాన. విశేషం ఏమీ లేదు.

10 అక్టోబరు.

విశేషం ఉంది. సోమవారం జరిగింది సగమే రాశాను. నా కోసమే రాసుకునే పుస్తకంలో కూడా దాచుకుంటే నేను మనిషినేనా!

పొట్లాలు వద్దన్నాక పెద్దింటమ్మ పై అరలోకి చూసింది. అక్కడ ఎర్ర సీసాలున్నాయి. తాడేపల్లిగూడెం ఏజెంటు మంగరాజు ఒక డజను అంటగట్టిపోయిన టానిక్కు. బెల్లం నీళ్ళు, ఇంత రంగు, కాస్త వాము వాసన. సీసా రూపాయి. "అదెంతండీ" అంది. రూపాయన్నాను. "అదీ మందంటే" అంది. కొంగు ముడి విప్పింది. నేనిచ్చాను.

నేనిచ్చాను. పనికిరాదని నోటి చివరిదాకా వచ్చింది. అప్పుడే అరిచి ఉన్నాను కదా, మళ్ళీ చెప్పినా నమ్మదనుకున్నాను. కొనేవాడి ఇష్టం అనుకున్నాను. ఆ రెండు మాటలూ అబద్ధమే. చెప్పడానికి నామోషీ వేసింది, అంతే.

11 అక్టోబరు.

అరలు తుడుస్తూ మాణిక్యం, "ఎర్ర సీసా ఒకటి తగ్గిందేవండీ?" అంది.

చెప్పాను.

చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని నిలబడింది. తిడుతుందేమో, తిడితే బాగుండుననుకున్నాను. "దానికి అయిదో నెలండీ" అంది.

12 అక్టోబరు.

గుడివాడ వెళ్ళి డాక్టరుగారిని అడిగి వచ్చాను. కడుపుతో ఉన్న మనిషికి క్వయినా ఇవ్వవచ్చా అంటే, ఇవ్వకపోతే జ్వరమే తల్లినీ బిడ్డనీ తీసుకుపోతుందన్నారు. గంజి తాగాక, కొద్దికొద్దిగా, ఏడు రోజులు, ఒక్క పూట తప్పకూడదు.

రైల్లో తిరిగొస్తూ ఆలోచించాను. ధర మళ్ళీ పెంచి చెబితే? నమ్ముతుంది. కాళ్ళ కడియాలమ్మి కొంటుంది. అంత ఖరీదైన మందు కదా అని దాచి దాచి సగం సగం వేస్తుంది, మిగతాది ఇరుగింటికీ పొరుగింటికీ పంచుతుంది. దించి చెబితే ముట్టుకోదు. పెంచినా చస్తుంది, దించినా చస్తుంది. ఇరవై ఏళ్ళుగా నేను నమ్మిన ధర, ఒక్క పిల్ల నోట్లో ఒక్క మాత్ర పడెయ్యలేకపోయింది.

ఉపన్యాసం కాగితాలు సంచీలోనే ఉన్నాయి. రెండో పాయింటు చదువుకున్నాను. సరుకు సంగతి కొనేవాడికి ధరే చెబుతుందిట. నా మొహం.

13 అక్టోబరు.

ఇంటికొచ్చి మాణిక్యానికి ఇదంతా చెబితే బియ్యం ఏరుతూ వింది. విని, "ఆవిడ నాతో బేరమాడిందాండీ అప్పుడు?" అంది.

ఎప్పుడు అని అడగలేదు. మా ఇంట్లో అప్పుడు అంటే ఒక్కటే. మూడేళ్ళ కిందట మాణిక్యం మంచంలో ఉన్న ఆ పది రోజులు. ఆ పది రోజులూ పెద్దింటమ్మ తెల్లారేసరికి దొడ్డి గుమ్మంలో రెండు బతికున్న కొర్రమీనులు ఆకులో పెట్టి పోయేది. పిలవదు, ధర చెప్పదు. నాలుగోరోజు నేను డబ్బులు పట్టుకుని వీధి చివరిదాకా పరిగెత్తాను. గంప మీద గుడ్డ కప్పేసుకుని మొహం తిప్పుకుని పోయింది. లెక్క తెలియని మనిషి అనుకున్నాను. మా బిడ్డ దక్కలేదని తెలిసి కూడా తెస్తూనే ఉంది.

"అది వంతండీ" అంది మాణిక్యం. "ఏ ఇంట్లోనైనా ఆడమనిషికి కాన్పు గండం ఉందన్నా, బిడ్డ పుట్టిందన్నా లంకలో ప్రతి దోనె నుంచీ ఒక వంతు ఆ గడపలో పెట్టి పోవాలట. దాన్ని తూచరు, ధర మాట ఎత్తరు. ఎత్తితే ఆ ఇంటికి కీడు. పెట్టింది వద్దనకూడదు, ఇంకొకళ్ళకి పంచకూడదు. నాకు తర్వాత చెప్పింది. మీకు చెబితే లెక్కలు చెబుతారని చెప్పలేదు."

"మనకి దోనె లేదు కదే" అన్నాను.

"కొట్టుంది కదండీ."

పదహారేళ్ళు కాపరం చేశాను ఈ మనిషితో. ఉపన్యాసానికి ఈవిణ్ణి పంపిస్తే పోయేది.

14 అక్టోబరు, ఆదివారం.

పెద్దింటమ్మ అల్లుడు పోలయ్య దోనె తెచ్చాడు. తాటిదోనెలో మాణిక్యం జంకు లేకుండా కూచుంది, నేనే రెండు అంచులూ పట్టుకున్నాను. దారిలో హెచ్చరించింది. "అక్కడ మీరు నోరు విప్పకండి. అణా అన్న మాట పొరపాటున కూడా రాకూడదు." ఏడు రోజుల మాత్రలు తామరాకులో పెట్టి, పైన ఇంత పసుపు వేసింది.

గడపలో పెట్టాం. పెద్దింటమ్మ బయటికొచ్చి ఆకు విప్పి చూసింది. నా వైపు చూసింది. "ఇది ఆ రెండణాల..." అంది.

నా నోరు తెరుచుకుంది. మాణిక్యం నా మోచేతి పైన గిల్లింది, ఇంకా మచ్చ ఉంది.

"ఇది మా వంతు పెద్దింటమ్మా" అంది మాణిక్యం. "అప్పుడు నువ్వు పెట్టావు. ఇప్పుడు మేం పెడుతున్నాం."

ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. మెల్లిగా వంగి, రెండు చేతులతో ఆకు ఎత్తి కళ్ళకద్దుకుంది. పై చూరులో ఎర్ర సీసా ఉంది, సగానికి తగ్గి. నేను దాని వైపు చూడలేకపోయాను.

"ఆ ఎర్ర సీసా వద్దు. పనికిరాదు. నేను తెలిసే ఇచ్చాను" అన్నాను. మాణిక్యం నోరు విప్పవద్దంది కానీ ధర మాట కాదు కదా.

పెద్దింటమ్మ సీసా తీసి గట్టు మీంచి నీళ్ళల్లో పారబోసింది. తిరిగి వచ్చి, "కూకోండి బాబుగారూ, ఎండన పడొచ్చారు" అంది. నన్నెవరూ జన్మలో అంత తిట్టలేదు.

కనకరత్నం గోడకి చేరగిలబడి ఉంది. పద్దెనిమిదేళ్ళుంటాయేమో, చెంపలు పీక్కుపోయి ముప్పై ఏళ్ళ దానిలా ఉంది. గంజి తాగించి మాత్ర వేస్తే చేదుకి మొహం అష్టవంకర్లు తిప్పి, "అమ్మో, ఇదేం వంతండీ!" అంది. మధ్యాహ్నం చలి వచ్చింది. మూడు బొంతలు కప్పినా మంచం వణికింది.

16 అక్టోబరు.

మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ జ్వరం. చెవుల్లో హోరుమంటోందని ఏడ్చింది. పోలయ్య తల్లి మందు ఆపెయ్యమంటోంది, ఇది కడుపు దిగజార్చే మందేనంటోంది. పెద్దింటమ్మ నా వైపు చూసింది. చెవుల హోరు ఈ మందు గుణమే, భయం లేదన్నాను. అన్నానే కానీ, ఈ పిల్లకి ఏదైనా అయితే నేను కొట్టు తెరవలేను. ఆపలేదు. వంతు కాదనకూడదంది పెద్దింటమ్మ.

17 అక్టోబరు.

జ్వరం లేని రోజు. రేపు వచ్చే రోజు.

(ఈ పేజీ మీద పసుపు వేలిముద్ర ఉంది. నాది కాదు. నోటుబుక్కు పెట్టే చోటు మార్చాలి. మార్చనులే.)

18 అక్టోబరు.

పొద్దు తిరిగింది. చలి రాలేదు. సాయంత్రం దాకా కూచున్నాం, రాలేదు. ఉప్పుచేప కావాలంది కనకరత్నం. పెద్దింటమ్మ పొయ్యి దగ్గర మొహం పెట్టుకుని పొగ అంటూ కళ్ళు తుడుచుకుంది. పొయ్యి అప్పటికింకా రాజెయ్యలేదు.

20 అక్టోబరు, శనివారం.

ఏలూరు రైలు తప్పిపోయింది. అందుచేత ఉపన్యాసానికి వెళ్ళలేకపోయాను. కోదండరామయ్యకి తంతి ఇచ్చాను.

రైలు తప్పడమేమిటి, నేను ఆరింటికే దోనెలో ఉన్నాను. ఏడో రోజు. ఇవాళా రాకపోతే గట్టెక్కినట్టే అన్నారు డాక్టరుగారు. రాలేదు.

మధ్యాహ్నం కనకరత్నం ఉలిక్కిపడి, "అమ్మగారూ, చెయ్యిటివ్వండి" అని మాణిక్యం చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. లోపల కదిలింది. మాణిక్యం చెయ్యి తియ్యలేదు. ఎంతసేపో తియ్యలేదు. నేను గట్టు మీదకి వెళ్ళి, కొంగల్ని చూస్తున్నట్టు నిలబడి ఏడ్చాను. మూడేళ్ళ నుంచీ ఏడవలేదు నేను.

25 అక్టోబరు.

కోదండరామయ్య జవాబు. "తాము రానందున సభ్యులు నిరుత్సాహపడిరి. కారణము తెలుపవలయును." జ్వరమని రాశాను. ఎవరికో రాయలేదు.

12 నవంబరు.

లంక వాళ్ళు వచ్చి "కనకరత్నం మింగిన మందు" ఇమ్మంటున్నారు. రెండణాలే, పోస్టాఫీసులో ఇంకా చవక, అదీ ఇదే మందు, ఏడు రోజులూ వెయ్యాలి అని ఒక్కొక్కరికీ చెప్పి పంపుతున్నాను. నా కొట్లో కూచుని పోస్టాఫీసుకి దారి చూపిస్తున్నాను. బాలస్వామి గారు పొంగిపోయి నాకో గుమ్మడికాయ పంపారు.

మిగిలిన ఎర్ర సీసాలన్నీ కాలవలో పోశాను. ఎవరిదో గేదె మూతి ఎర్రగా చేసుకుని పైకొచ్చింది. మాణిక్యం పొట్ట పట్టుకుని నవ్వింది.

కొల్లేటి లంకల్లో క్వయినా ఉచితంగా, ఇంటింటికీ వెళ్ళి, మనిషి ఎదురుగా మింగించవలసిందని జిల్లా బోర్డుకి అర్జీ రాశాను. ఇది నా సిద్ధాంతానికి విరుద్ధం కాదు. చిన్న మినహాయింపు, అంతే. అర్జీ మాత్రం పదకొండు పేజీలు వచ్చింది.

19 ఫిబ్రవరి 1935, మంగళవారం.

కొట్లో జనం ఉన్నారు. పెద్దింటమ్మ గంప లేకుండా వచ్చింది. గంప లేదని చూసి చేతిలో పొట్లం బల్ల మీద పడేసి లేచాను. ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని అందరూ వినేలా అడిగింది.

"నిన్న తెల్లారగట్ట కనకరత్నానికి ఆడపిల్లండీ బాబుగారూ. ఇద్దరూ బాగున్నారు. ముప్ఫై రెండు దోనెల వంతూ నా గడపలోకి ఒచ్చేసింది. మీ దోనె వంతు ఏదండీ?"

కొట్టంతా చూశాను. సీసాలు, డబ్బాలు, అన్నిటి మీదా నా చేత్తో రాసి అంటించిన ధరల చీటీలే. ఏది తియ్యను?

లోపల ట్రంకు పెట్టె మూత చప్పుడైంది. మూడేళ్ళ తర్వాత ఆ చప్పుడు. మాణిక్యం చిన్న బొంత ఒకటి పట్టుకుని వచ్చింది. పాత చీరల ముక్కలతో, అంచున ఎర్ర దారంతో, ఆ వేసవంతా కూచుని కుట్టింది. నాకు ప్రతి ముక్కా గుర్తే. పెట్టెలో చోటు లేకపోవడం ఏమిటో నాకు ముందునుంచీ తెలుసు.

"ఇది మా వంతు పెద్దింటమ్మా" అంది.

పెద్దింటమ్మ చేతులు చాపలేదు. "గడపలో పెట్టాలండీ అమ్మగారూ. నా చేతికిస్తే చెల్లదు. మీరే రండి" అంది. అని, మాణిక్యం చెంప మీద నీళ్ళు తన కొంగుతో తుడిచింది.

ముగ్గురం దోనె ఎక్కాం. మాణిక్యం బొంత ఒళ్ళో పెట్టుకుంది. లంక దగ్గరపడ్డాక నాకు గుర్తొచ్చింది, కొట్టుకి తాళం వెయ్యలేదని.